సూర్యాపేట లెక్కలో ఇరవై బస్తాల తేడా

మార్చి పదకొండు. మిర్యాలగూడ హెడ్డాఫీసు, పై అంతస్తు. ఉదయం పదకొండు గంటలు. హాజరైనవారు: యజమాని (అందరం సేటు అనేవాళ్ళం), ఆయన అల్లుడు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హోటళ్ళ మేనేజర్లు ముగ్గురు, నేను. టీలు ఆరు. సూర్యాపేట మేనేజరు తన టీ ముట్టుకోలేదు.

డైరీలో ఆ పేజీ ఇంతవరకే శుభ్రంగా ఉంది. టీ సంగతి పక్కన ఎర్ర సిరాతో చిన్న ప్రశ్నార్థకం పెట్టాను. తప్పు చేసినవాడికి గొంతు దిగదని అప్పుడు నా నమ్మకం. రిటైరై నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ గుర్తు చూస్తే కొంచెం సిగ్గేస్తుంది. చెరపలేదు. డైరీలో చెరపడం నాకు అలవాటు లేదు.

సేటుకు మొదట రైస్ మిల్లు ఉండేది. తరువాత మూడు ఊళ్ళలో భోజన హోటళ్ళు పెట్టాడు. నేను ఆయన దగ్గర లెక్కల అధికారిని. ప్రతి హోటలూ ఒక ప్రాఫిట్ సెంటర్. అంటే అమ్మకానికీ ఖర్చుకూ ఆ మేనేజరే జవాబుదారు. మిగిలిన లాభాన్ని బట్టే ఆయనకు బోనసో, చీవాట్లో. ఆ లాభాన్ని ఎట్లా తూచాలన్నది నా పని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు పుస్తకాల్లో చదివే ఫ్లెక్సిబుల్ బడ్జెట్‌ను మా కంపెనీలో మొదలుపెట్టింది నేనే. గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

అది పెద్ద విద్యేమీ కాదు. ఏడాది మొదట్లో సూర్యాపేట హోటల్ నెలకు ఏడున్నర వేల భోజనాలు అమ్ముతుందని అనుకున్నాం. ఫిబ్రవరిలో తొమ్మిది వేలు అమ్మింది. భోజనాలు పెరిగితే బియ్యం ఖర్చు పెరుగుతుంది, అందులో మేనేజరు తప్పేమీ లేదు. అందుకని ముందు మన బడ్జెట్‌నే తొమ్మిది వేల భోజనాలకు తిరగరాయాలి. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ భోజనాలతో పాటు పెంచాలి. కిరాయి, జీతాలు ఉన్నచోటే ఉంచాలి. అట్లా సాగదీసిన బడ్జెట్‌కూ అసలు ఖర్చుకూ మధ్య మిగిలే తేడాను చూసి మేనేజరు పనితనం చెప్పాలి. తేడా అనుకూలమైతే నేను నీలం సిరాతో రాసేవాణ్ణి, ప్రతికూలమైతే ఎర్ర సిరాతో.

పాత పద్ధతిలో చూస్తే సూర్యాపేట మెచ్చుకోదగ్గ హోటల్. అనుకున్నదానికంటే ఎక్కువ అమ్మింది, లాభం కూడా కాస్త పెరిగింది. నా పద్ధతిలో చూస్తే దొంగల కొట్టం. భోజనానికి నూట ఎనభై గ్రాముల బియ్యం అని మా రేటు. తొమ్మిది వేల భోజనాలకు పదహారు వందల ఇరవై కిలోలు కావాలి. వాడింది రెండువేల నూట పది. నాలుగు వందల తొంభై కిలోలు ఎక్కువ. ఇరవై ఐదు కిలోల బస్తాల్లో చెప్పాలంటే దాదాపు ఇరవై బస్తాలు. నాలుగు నెలలుగా ఇదే వరస. అదే కాగితంలో కోదాడ హోటల్ పదివేల భోజనాలు పెట్టి, రావలసినదానికంటే నాలుగు వందల కిలోలు తక్కువ వాడింది. ఆ వరస నిండా నీలం.

సేటు కాగితం చూసి కళ్ళద్దాలు తీశాడు.

"నెలకు ఇర్వై బస్తాలు ఎటు పోతున్నయిరా?"

సూర్యాపేట మేనేజరు లేచి నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళప్పుడు అంట్లు తోమడానికి వచ్చి, వంట నేర్చి, కౌంటర్‌కు ఎదిగి మేనేజరయ్యాడు.

"ఎటు పోతయి సేటూ, గిరాకి తింటున్నరు."

"కోదాడల గూడ మనుషులే తింటున్నరు గద? గాడ తక్కువ తిని గీడ ఎక్కువ తింటరా?"

అందరూ నవ్వారు. కోదాడ మేనేజరు మాత్రం నవ్వకుండా తల దించుకున్నాడు. వినయం అనుకున్నాను.

సేటు నావైపు తిరిగాడు. "లెక్కల సారూ, వారం టైమిస్తున్న. ఎట్ల పోతున్నయో రాసి పట్టుకరా. దొంగతనమని తేలితే గేటు బయటికే. గీ హైవే మీద ఏ హోటలోడు వీణ్ణి పనిల పెట్టుకోకుండ జేస్త."

ఆ మాట ఉత్త బెదిరింపు కాదని అందరికీ తెలుసు. మూడు ఊళ్ళ హోటళ్ళకూ బియ్యం పోయేది ఆయన మిల్లు నుంచే.

మర్నాడే సూర్యాపేట వెళ్ళాను, చెప్పకుండా. బస్టాండులో దిగి వెనక సందులోంచి నడిచాను. హైవే బస్సులు బైపాస్ మీదుగా పోవడం మొదలుపెట్టాక ఆ హోటల్ ఊరి లోపల ఉండిపోయింది. చుట్టూ దవాఖానలు, మందుల షాపులు, స్కానింగ్ సెంటర్లు. ఇదంతా చూస్తూనే నడిచాను. చూసినదానికీ నా కాగితానికీ సంబంధం ఉందని తోచలేదు.

ముందు గోడౌన్‌లో బస్తాలన్నీ నా ఎదుటే తూపించాను. స్టాకు పుస్తకానికీ కాంటాకూ ఒక్క కిలో తేడా లేదు. ఇంకొకరైతే సంతోషించేవారు. నాకు అనుమానం పెరిగింది. ఇంత శుభ్రంగా ఉందంటే ఎవరో ముందుగానే శుభ్రం చేసి ఉంటారు.

మధ్యాహ్నం వెనక సందులో టీ బండి దగ్గర నిలబడి కాపలా కాశాను. డైరీలో ఇట్లా ఉంది: "12.40. ఆటో. మూతలున్న నీలం డ్రమ్ములు రెండు. లోపల ఏముందో చూడాలి." చూశాను. ఆటో ఆపి, మూత నేనే ఎత్తాను. కుడితి. ఎంగిలి మెతుకులు, గంజి, కూరగాయల తొక్కలు. ఆటోవాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏం సారూ, మీకు గూడ బర్లున్నయా? రేపటి సంది ఒక డ్రమ్ము మీకిస్త తియ్యి."

సందులో వాళ్ళు నవ్వుతుంటే మూత పెట్టి లోపలికి వచ్చాను. మేనేజరు అప్పటికే సంగతి విన్నట్టున్నాడు. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"అన్నం తింటరా సార్? ఎండల తిరిగిన్రు."

"డబ్బా తెచ్చుకున్నాను."

లెక్క చూడబోయిన చోట తినకూడదని నాకో నియమం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తప్పలేదు. తిన్నవాడి పెన్ను మెత్తబడుతుందని జూనియర్లకు చెప్పేవాణ్ణి కూడా. మేనేజరు ఇంకేమీ అనకుండా నీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళాడు. అది కూడా అనుమానంగానే ఉంది. నిర్దోషి అయితే కోప్పడాలి కదా?

రెండోరోజు కౌంటర్ పక్కన కూర్చుని గిరాకీని గమనించాను. భుజాన గొంగడి వేసుకున్న ఒక పెద్దాయన మధ్యాహ్నం మూడు పార్సిళ్ళు కొన్నాడు, సాయంత్రం మళ్ళీ మూడు. మూడోరోజూ వచ్చాడు. ఒక్క మనిషి రోజూ ఇన్ని ఏం చేసుకుంటాడు? మేనేజరు ఆయన్ను పేరుపెట్టి పలకరించడం నాకు నచ్చలేదు. ఎక్కడో ఇంకో హోటల్ నడుస్తోంది, మా అన్నం అక్కడ అమ్ముతున్నారు అని నా మనసులో పూర్తి కథ తయారైంది. ఆ పెద్దాయన వెనకే నడిచాను.

రెండు వీధులు దాటి ఒక దవాఖానలోకి పోయాడు. మెట్ల కింద చాప పరిచి ఉంది. అయిదుగురు ఎదురుచూస్తున్నారు. ఆయన కూర్చుని మూడు పార్సిళ్ళూ విప్పి, ఒక్కోదాని ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాడు. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తుండగా ఆయన తలెత్తాడు.

"ఎవరు సారూ? పేషంట్ తాలూకా?"

"కాదు, ఆ హోటల్ కంపెనీ మనిషిని. మీరు ఆరుగురున్నారు. మూడే ఎందుకు కొన్నారు?"

"ఆరుగురికి మూడే గద సారూ. ఒక పార్సిలు ఇద్దరికి. నీకు తెల్వదా?"

పక్కనున్న ఆమె ముద్ద కలుపుతూ నన్ను చూసింది. "కంపెనీ మనిషంటున్నడు, గంత తెల్వదా!"

"తెల్వకుంటె తెల్వకపోయె తియ్యే. కూసో సారూ, జర రెండు ముద్దలు తిను. మీ అన్నమే, మొగమాటమేంది?"

వాళ్ళ కోడలికి ఆపరేషనట. పది రోజులుగా గొర్లను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి అక్కడే ఉంటున్నారు. నేను కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నాను. సాంబారు బాగుంది. మా హోటల్ భోజనం రుచి చూడటం అదే మొదటిసారి. అది హోటల్ ఆవరణ కాదు కాబట్టి నియమం తప్పినట్టు కాదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు.

హోటల్‌కు తిరిగి వచ్చి, కాంటా తెప్పించి, కట్టి ఉన్న పది పార్సిళ్ళు విప్పించాను. అన్నం తూచి, బియ్యంలోకి మార్చి చూస్తే సగటున రెండువందల ఎనభై గ్రాములు వచ్చింది. టేబుల్ మీద తినేవాళ్ళకు మా నూట ఎనభై సరిగ్గా సరిపోతోంది. బిల్లు మిషన్‌లో మాత్రం రెండింటికీ ఒకటే మీట, ఒకటే ధర. మీట మీద 'భోజనం' అని ఉంటుంది. ఆ మీట పెట్టించింది నేను. ఆ నూట ఎనభై నిర్ణయించింది కూడా నేనే. మిర్యాలగూడ హోటల్లో వారం రోజులు ఉండి, కూర్చుని తినేవాళ్ళను చూసి రాశాను.

"ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

మేనేజరుకు మొదటిసారి కోపం వచ్చింది.

"ఏం చెప్పాలె సార్? పార్సిల్ల అన్నం జాస్తి కడ్తరని చెప్పాలెనా? అది లోకానికి తెలుసు. అన్నం పార్సిలు ఎట్ల కడ్తరో తెల్వని మనిషి లెక్క రాస్తడని నేనెట్ల అనుకుంట?"

ఎన్ని పార్సిళ్ళు అమ్మారో బిల్లుల్లో తెలియదు కాబట్టి పార్సిల్ సంచుల పుస్తకం తీశాను. ఫిబ్రవరిలో నాలుగువేల ఎనిమిది వందల సంచులు ఖర్చయ్యాయి. ఒక్కోదానికి వంద గ్రాములు ఎక్కువ చొప్పున నాలుగు వందల ఎనభై కిలోలు. వెతుకుతున్న నాలుగు వందల తొంభైలో మిగిలింది పది కిలోలు. ఆ పది కిలోల మీద నాకు ఇప్పటికీ అనుమానమే, అది వేరే సంగతి.

నన్ను ఎక్కువగా బాధించింది ఇంకొకటి. సంచుల ఖర్చు పెరిగిందని నా కాగితంలోనే ఎర్ర సిరాతో రాసి ఉంది. బియ్యం వరసకు నాలుగు వరసల కింద. ఆ రెండు ఎర్ర అంకెలనూ నాలుగు నెలలు ఒకే చేత్తో రాశాను, ఒకదాని సంగతి ఇంకొకదాన్ని అడగలేదు. నా బడ్జెట్‌కు ఊరి పేరే తెలుసు, ఊరు మారిందని తెలియదు. బస్సులు పోయాయి, దవాఖానలు వచ్చాయి, భోజనాల్లో సగానికి పైగా పార్సిళ్ళయ్యాయి. నేను భోజనాల సంఖ్యను సాగదీశానే గాని, అది ఏ భోజనమో చూడలేదు.

ఎర్ర సిరా తప్పయితే నీలం సిరా సంగతేమిటి? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కోదాడ బస్సెక్కాను.

కోదాడ హోటల్ హైవే మీదే ఉంటుంది. పార్సిళ్ళు దాదాపు లేవు. వచ్చేవాళ్ళంతా బస్సు ప్రయాణికులు. మేనేజరు ఎదురొచ్చాడు.

"రండి సార్, రండి. ముందు చెబితే కారు పంపేవాణ్ణి కదండీ! భోంచేస్తారా?"

"వద్దు. ఊరికే కూర్చుంటాను."

డైరీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "12.48. బస్సు ఆగింది. 12.53. అందరికీ మొదటి వడ్డన, కొలత గిన్నెతో. 1.01. రెండోసారి అన్నం బకెట్ వంటగది గడప దగ్గరికి వచ్చింది. మేనేజరు కౌంటర్ మీద గంట ఒకసారి కొట్టాడు. లోపలి గదిలో తింటున్న డ్రైవరు లేచాడు. 1.02. హారన్." బకెట్ వెనక్కి పోయింది. "పెరుగన్నం తినలేదయ్యా, ఆగు!" అంటూ ఒక పెద్దాయన చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాడు. డ్రైవరు చేతిలో ఒక పొట్లం ఉంది, చికెన్ ఫ్రై వాసన. డ్రైవర్లకు ఉచితంగా భోజనం పెట్టడం ఈ దారిలో అందరూ చేసేదే. చేతికి పొట్లం ఇవ్వడం ఎక్కడా చూడలేదు.

తరువాతి బస్సుకూ గంట మోగింది, హారన్ మోగింది.

"ఆ గంట ఎందుకు?" అన్నాను.

"టేబుల్ ఖాళీ అయిందని చెప్పడానికండీ."

"ఖాళీ కాలేదుగా?"

"అవుతుంది కదండీ," అని నవ్వాడు. "మా డ్రైవర్లు టైమంటే టైమేనండీ."

నాలుగు వందల కిలోల నీలం సిరా అదేనని నాకు అనిపించింది. రుజువు లేదు. రెండు బస్సులు, ఒక గంట, ఒక పొట్లం. సూర్యాపేటలో ఇంతకంటే తక్కువ చూసి ఒక మనిషిని దొంగను చేశాను కదా, ఇక్కడ మాత్రం రుజువు కావాలనిపించింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. నీలం అంకెను ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నించడం నాకూ అలవాటు లేదు. నోట్‌లో "కోదాడ వినియోగం ఇంకా పరిశీలించవలసి ఉంది" అని ఒక్క వాక్యం రాశాను. గంట మోగిన టైములు డైరీలోనే ఉండిపోయాయి.

మార్చి పద్దెనిమిది. అదే గది, అదే ఆరుగురు. కొత్త కాగితం పంచాను. ఈసారి టేబుల్ భోజనం వేరు, పార్సిల్ భోజనం వేరు. రెండింటికీ రెండు రేట్లతో బడ్జెట్ తిరగరాస్తే సూర్యాపేట బియ్యం తేడా పది కిలోలకు దిగింది.

"అయితే మావోడు దొంగ గాదంటవ్," అన్నాడు సేటు.

"కాదు సేటూ. తప్పు లెక్కది. అంటే నాది."

సేటు ముఖం తేలికపడింది. మేనేజరు వైపు చూసి, "నేనన్లే? నాకు ముందే తెలుసు," అన్నాడు. అననే లేదు. ఎవరూ గుర్తుచేయలేదు.

అప్పటిదాకా ఫోన్‌లో ఏదో లెక్క వేస్తున్న అల్లుడు తలెత్తాడు. "అంటే మనం ఒక్కరి పైసలు తీసుకుని ఇద్దరికి పెడ్తున్నం. పార్సిల్‌కు వంద గ్రాములు దండుగ. ఆ రెండో రేటు ఎందుకు సార్? పార్సిల్ గూడ నూట ఎనభైకే కట్టిస్తే అయిపోయె."

"తగ్గిస్తే గిరాకీ పోతుంది. అమ్మకం పెరిగిందే దాని వల్ల."

"ఆ సంగతి మీ కాయితంల ఎక్కడుంది?"

లేదు. తొమ్మిది వేలు ఎందుకు అమ్ముడయ్యాయో నా కాగితం చెప్పదు. అమ్మినవాటికి ఎంత ఖర్చు కావాలో మాత్రమే చెబుతుంది. నోరు తెరిచేలోపే ఆయన ఇంకో మాట వేశాడు.

"సూర్యాపేటల మన అన్నం తిన్నరట గద సార్. మంచిగున్నదా?"

కోదాడ మేనేజరు కిటికీలోంచి బయట లారీలను చూస్తున్నాడు. రెండు ముద్దలు, అవి కూడా మెట్ల కింద, ఒక గొర్లకాపరి చేతి నుంచి అని చెప్పవచ్చు. చెబితే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మేవాణ్ణి కాదు. ఆ నిమిషంలోనే కోదాడ గంట సంగతి చెప్పాలి. చెబితే కక్షతో చెప్పినట్టుంటుందని మింగేశాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో నూట ఎనభై గ్రాముల రేటు రెండోది. మొదటిది ఆ మౌనం.

సేటు తీర్పు చెప్పాడు. ఒకటో తారీకు నుంచి పార్సిల్ కూడా నూట ఎనభై గ్రాములకే కట్టాలి. ఎట్లా కట్టాలో చూపించడానికి నెలరోజులు కోదాడ మేనేజరు సూర్యాపేటకు పోవాలి.

"సరే సేటూ," అన్నాడు సూర్యాపేట మేనేజరు. అంతే. తన టీ చివరిదాకా తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. టీ తాగాడని రాసుకున్నాను. పక్కన ఏ గుర్తూ పెట్టలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి నేను ఆఫీసు తాళం తీస్తుంటే ఆయన మెట్లెక్కి వచ్చాడు. గోడౌన్ తాళాలు, స్టాకు లిస్టు నా బల్ల మీద పెట్టాడు. లిస్టు మీద తేదీ, సంతకం ఉన్నాయి.

"ఇదేమిటి? నిన్ను పొమ్మనలేదుగా?"

"పొమ్మనలే సార్. నేనే పోతున్న. ఒకటో తారీకు పార్సిలు ఇప్పి, రెండో మనిషి అన్నమేదిరా అని గిరాకి అడిగితే కౌంటర్ల ఉండేది నేను. సేటు ఉండడు, అల్లుడు ఉండడు. గా దవాఖానల గల్లీల్నే షట్టరొకటి కిరాయికున్నది, మాట్లాడిన. పార్సిళ్ళే కడత."

"బియ్యం?"

"వేములపల్లి దిక్కు చిన్న మిల్లొకటున్నది. గాయన సేటు మాట ఇనడు." తాళాలను లిస్టు పక్కకు జరిపాడు. "గని షట్టరాయనకు నిన్న ఎవరో ఫోన్ జేసిన్రట, నేను బియ్యం దొంగనని. నిన్నటి కాయితం ఒక జిరాక్సు ఇయ్యుర్రి సార్. పది కిలోలని ఉన్నది సూడు, గది."

ఫోన్ ఎవరు చేశారో అడగలేదు. కంపెనీ కాగితం బయటికి ఇవ్వకూడదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే నన్ను చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. లేచి జిరాక్సు తీశాను. కోదాడ, మిర్యాలగూడ వరసలు మడిచి దాచి, సూర్యాపేట వరస మాత్రమే పడేట్టు తీశాను. కింద "సదరు తేడాకు మేనేజరు బాధ్యులు కారు" అని రాసి, సంతకం చేసి, ముద్ర వేశాను.

ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

"పక్క సందుల లామినేషన్ చేసే షాపు ఎన్నింటికి తీస్తరు సార్?"

"పదింటికి."

గోడ గడియారం చూశాడు. ఇంకా ముప్పావు గంట ఉంది. కాగితం ముడత పడకుండా రెండు చేతుల్లో పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు.